పడవ కదలరాదు

చారిత్రక పడవను ఉన్నచోటు నుంచి కదపరాదని ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి, ఎద్దు లాగినప్పుడల్లా ఆ కాలువ మీద ఊళ్లే కదులుతున్నాయి. ఎద్దును ఆపమని మాత్రం ఉత్తర్వులో లేదు. అందుకని ఎద్దు గట్టు వెంట నడుస్తుంది, తాడు బిగుసుకుంటుంది, పడవ అక్కడే నిలబడుతుంది. గట్టూ, దాని మీది ఇళ్లూ, కొబ్బరితోటలూ వెనక్కి జరుగుతాయి. రోజుకు రెండు విహారాలు. సోమవారం సెలవు.

నాంచారమ్మ పొద్దుటి విహారానికే వచ్చేసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఊరందరి మాటలూ కలిపి రిటైరైన మనిషి. ఆమె చిన్ననాటి స్నేహితురాలు సీతారత్నం ఉండేది పద్నాలుగు కిలోమీటర్ల అవతల, లాకుల దగ్గర. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఆ దారిన తిరిగే బస్సు తీసేశారు. ఒకరినొకరు చూసుకుని తొమ్మిదేళ్లయింది.

"పడవ లాకులదాకా వెళ్తుందా బాబూ?" అని గైడు ఫణీంద్రను అడిగింది.

"పడవ వెళ్లదండీ. లాకులే వస్తాయి."

గంట కొట్టారు. ఎద్దు అడుగు వేసింది. అరటితోట వచ్చింది, పోయింది. బడి వచ్చింది. పంతులమ్మ ఒక చేత్తో నల్లబల్లను పట్టుకుని లెక్క చెబుతూనే ఉంది. చెట్టు కింద క్షవరం చేస్తున్నాయన కత్తి పైకెత్తి ఆగాడు. కుర్చీలో కూర్చున్నాయన సగం గడ్డంతోనే పడవవాళ్లకు నమస్కారం పెట్టాడు. నాంచారమ్మకు నవ్వు ఆగలేదు.

ఎండ ముదిరేసరికి లాకులు వచ్చాయి. వాటి వెనకే నీలంరంగు అరుగు, అరుగు మీద వడియాలు పెడుతూ సీతారత్నం.

"ఒసే రత్నం!"

"నాంచారూ! వచ్చావుటే!"

"నేనెక్కడొచ్చానే, నువ్వే వచ్చావు!"

ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వారు. నాంచారమ్మ లేచి గట్టుకు వేసిన దిగుడు పలక మీద కాలు పెట్టింది.

ఫణీంద్ర కంగారుపడ్డాడు. "దిగకూడదండీ! పది నిమిషాల్లో గట్టు వెనక్కి పోవాలి. దాంతోపాటు మీరూ పోతారు."

"పోతే?"

అతను నిబంధనల పుస్తకం తిరగేశాడు. "దిగినవాళ్లు స్థానికుల కింద లెక్కండీ. స్థానికుల్ని చూడొచ్చు గానీ ఎక్కించుకోకూడదు."

"సరే, చూడండి" అని నాంచారమ్మ దిగిపోయింది. సీతారత్నం పిండి చేతులతోనే ఆమెను వాటేసుకుంది. ఎద్దును అటు తిప్పారు. పడవ దూరమైపోతుంటే ఇద్దరూ అటు చూడనేలేదు.

కాఫీ తాగాక నాంచారమ్మ అడిగింది: "రోజూ ఇలా ఈడ్చేస్తుంటే ఊరుకుంటున్నారుటే మీరు?"

"మొదట్లో ఆఫీసుకు వెళ్లి అడిగాం. పడవ కదల్లేదు గనక ఎవరూ ఎక్కడికీ పోలేదని కాగితం రాసిచ్చారు. మరీ ఏం అనిపించదు లేవే, అలవాటైపోద్ది."

తొమ్మిదేళ్ల కబుర్లలో ఇంకా రెండో ఏడు కూడా పూర్తికాలేదు. మధ్యాహ్నం రెండో విహారానికి ఇల్లు చిన్నగా ఊగింది. నాంచారమ్మ ఎవరూ చెప్పకుండానే అరుగు స్తంభాన్ని పట్టుకుంది. కాసేపటికి పడవ కనిపించింది. అందులోవాళ్లు ఫోన్లు పైకెత్తారు.

"పళ్లు కనబడేలా నవ్వు. లేదంటే బాగా రాలేదని ఊరిని మళ్లీ లాగిస్తారు" అంది సీతారత్నం.

నాంచారమ్మ నవ్వింది. ఆ రోజు ఆమెకు ఎలాగూ నవ్వే వస్తోంది.