రబ్బరు తొడిగిన బెత్తం

ఆ రోజు పొద్దున ఇన్‌చార్జ్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, బడిలో అద్దాల పెట్టెలో ఉన్న బెత్తానికి దుమ్ము దులిపి నూనె రాయడం. రెండోది, మామగారి చేతికర్రకు కొత్త రబ్బరు తొడుగు వేయించి, ఆయన షికారుకు బయల్దేరేలోగా ఇంటికి చేర్చడం. తొడుగు పని దారిలోనే అయిపోయింది. మిగిలిన పనికి చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు.

అతని అసలు హోదా ఇన్‌చార్జ్ మేనేజర్. పాత మేనేజరు ఉన్నట్టుండి మానేశాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. కొత్తవాణ్ని తీసుకునేదాకా కాస్త చూసుకోండని బడి నడిపే కరస్పాండెంట్ ఇతనికి చెప్పారు. కొత్తవాడు రాలేదు, ఇతను పాతబడిపోయాడు. జీతం గుమస్తాది, చాకిరీ మేనేజరుది. కోపం వస్తే భార్య కూడా ఇన్‌చార్జ్ గారూ అనే పిలుస్తుంది. ఇవాళ పూర్వ విద్యార్థుల సభ సవ్యంగా జరిగిపోతే, వేదిక మీదే పర్మనెంట్ చేస్తానని కరస్పాండెంట్ మాటిచ్చారు.

పెద్ద బడుల ప్రవేశ పరీక్షలకు చిన్నపిల్లల్ని తయారుచేసే ప్రైవేటు బడి అది. ఒకప్పుడు ఒక కారు షెడ్డులో మొదలైంది. కరస్పాండెంట్ తండ్రి, ఒక లెక్కల మాస్టారు, ఒక నల్లబల్ల, అంతే. తరవాత లెక్కల మాస్టారు ఎటో వెళ్లిపోయారు, షెడ్డు మూడంతస్తులైంది. ఊళ్లో పేరున్నవాళ్లంతా ఆ బడి బెత్తం రుచి చూసినవాళ్లేనని చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టరు, అయినా పిల్లవాణ్ని అక్కడ చేర్పించి హాయిగా ఊపిరి పీల్చుకునే తల్లిదండ్రులకు లోటు లేదు. ఆ బెత్తాన్ని ఒక్కసారి కళ్లకద్దుకుని, బడికి కొత్త భవనం కట్టించి ఇస్తానని ఒక పూర్వ విద్యార్థి కబురు పెట్టాడు. ఆయన ప్రస్తుతం పెద్ద కాంట్రాక్టరు.

నూనె రాశాక బెత్తాన్ని పెట్టెలో పెట్టేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. హాల్లో కట్టిన బ్యానరు ఒక మూల జారి వేలాడుతోంది. నిచ్చెన కోసం ఎవర్నో బతిమాలడమెందుకని ఇన్‌చార్జ్ కుర్చీ ఎక్కి, చేతిలో ఉన్న బెత్తంతోనే బ్యానర్ని పైకి నెట్టాడు. పైన ఫ్యాను తిరుగుతున్న సంగతి ముందు బెత్తానికి తెలిసింది. టకటకమని చప్పుడైంది. బడి చరిత్ర మూడు ముక్కలై, ఒకటి వేదిక కింద పడింది, ఒకటి పూలకుండీలో పడింది, ఒకటి అతని చేతిలో మిగిలింది.

కొత్తది తెద్దామంటే ఈ రోజుల్లో బెత్తాలు అమ్మేవాళ్లెవరు? అప్పుడు ఆఫీసు గదిలో మూలన నిలబెట్టిన మామగారి కర్ర గుర్తొచ్చింది. వేదిక బిగిస్తున్న వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్లి, వంపు పిడి కోసెయ్యమన్నాడు. బంగారంలాంటి కర్ర పాడైపోతుందని వడ్రంగి మొత్తుకుంటూనే కోశాడు. కింది రబ్బరు తొడుగు మాత్రం ఎంత లాగినా ఊడలేదు. చెప్పులు కుట్టే అతను పొద్దునే శ్రద్ధగా అతికించాడు మరి. బయట కార్లు ఆగాయి. ఇన్‌చార్జ్ కర్రను పెట్టెలో పెట్టి, తొడుగున్న కొస మీద ఒక పూలగుత్తి పడేశాడు. మామగారికి రేపు ఇంతకంటే మంచి కర్ర కొనివ్వొచ్చని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

కాంట్రాక్టరు పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంత లావుండేదా?"

ఇన్‌చార్జ్ పూలగుత్తిని ఇంకాస్త సర్దాడు. అదృష్టవశాత్తు పక్కనున్న డాక్టరు జవాబు చెప్పాడు. ఆయనా ఈ బడి పిల్లవాడే.

"ఇంకా లావుండేది. మన వీపుల మీద అరిగి అరిగి ఇలా అయింది."

కాంట్రాక్టరుకు పౌరుషం వచ్చింది. తను తిన్నన్ని దెబ్బలు ఇంకెవరూ తినలేదన్నాడు. డాక్టరు ప్యాంటు మోకాలిదాకా మడిచి మచ్చ చూపించాడు. ఇంకొకాయన చొక్కా గుండీలు విప్పబోయాడు. వెనక నిలబడ్డ కొత్త తల్లిదండ్రుల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. వాళ్లలో ఒక లాయరమ్మ ముందుకొచ్చి, మా అమ్మాయిని నిన్ననే ఇక్కడ చేర్పించాను, ఈ దుంగతోనా మీరు పిల్లల్ని కొట్టేది అని నిలదీసింది. మాట్లాడుతూనే పూలగుత్తి పక్కకు జరిపింది.

"ఈ రబ్బరేమిటి?"

కరస్పాండెంట్ ఇన్‌చార్జ్ వైపు చూశారు. ఇన్‌చార్జ్‌కు పర్మనెంట్ ఉద్యోగం కళ్ల ముందే రెక్కలు కట్టుకుని ఎగిరిపోతోంది.

"పిల్లలకు దెబ్బ తగలకూడదని ఈ బడి పెట్టిన పెద్దాయనే తొడిగించారు మేడమ్," అన్నాడు. "ఆయన మనసు వెన్న."

లాయరమ్మ వంగి రబ్బర్ని మరోసారి చూసింది. ఆమె ముఖం మెత్తబడింది. అందుకేనా మనకంత మెత్తగా తగిలేది అని కాంట్రాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు చడీచప్పుడు లేకుండా ప్యాంటు మడత విప్పి మచ్చ కప్పుకున్నాడు. క్రమశిక్షణ మీద ఉపన్యాసం రాసుకొచ్చిన కరస్పాండెంట్, కాగితం జేబులో పెట్టుకుని కరుణ గురించి అరగంట మాట్లాడారు.

ఇన్‌చార్జ్ ఊపిరి పీల్చుకునేలోగా ఫోన్ మోగింది.

"ఏవండీ, కర్ర ఇంకా రాలేదని నాన్నే అక్కడికి బయల్దేరారు," అంది భార్య. "గొడుగు ఊతంగా పట్టుకుని ఆటో ఎక్కారు. పడిపోతారేమో, కాస్త చూడండి."

అతను గేటు దగ్గరికి పరుగెత్తాడు. కానీ మామగారు ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఎక్కడికెళ్లినా ఆయన కాళ్లు వెనక తలుపు వైపే నడుస్తాయి. అతను తిరిగొచ్చేసరికి ఆయన వేదిక దగ్గర, పెట్టె ముందు నిలబడి, కర్ర మధ్యలో తాను వేయించుకున్న ఇత్తడి కట్టును తేరిపార చూస్తున్నారు.

"ఈ కర్ర నాది," అన్నారు. నిండు బస్సులో చివరి సీటుదాకా వినిపించిన గొంతు, దానికి మైకు అక్కర్లేదు.

కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన కాళ్లమీద పడ్డాడు.

"లెక్కల మాస్టారూ, ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయారండీ?"

"నేను మాస్టార్ని కాదు బాబూ."

"ఆ అణకువ ఇంకా పోలేదు చూశారా," అన్నాడు డాక్టరు.

మామగారికి మైకు ఇచ్చారు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ కర్ర లేకపోతే తాను అడుగు వేయలేనన్నారు. చప్పట్లు మోగాయి. అది దూరమైనప్పటినుంచీ గొడుగు పట్టుకుని కాలక్షేపం చేస్తున్నానన్నారు. ముందు వరుసలో ఇద్దరు ఏడ్చారు. దీని పిడి కోసిందెవరని అడగబోతే, ఇన్‌చార్జ్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి ఆ మాట వినపడనివ్వలేదు. మాస్టారు ఏటా సభకు వస్తానంటేనే భవనం కట్టిస్తానని కాంట్రాక్టరు ప్రకటించాడు. కరస్పాండెంట్ అక్కడికక్కడే మామగారిని బడికి శాశ్వత గౌరవ సలహాదారుగా నియమించారు. సలహాదారుకు వచ్చీపోయేందుకు కారు కూడా పంపుతారని తెలిశాక, తాను మాస్టార్ని కానన్న మాట మామగారు మళ్లీ ఎత్తలేదు.

సభ ముగిశాక ఇన్‌చార్జ్ మనసు ఊరుకోక, మూడు ముక్కలూ తెచ్చి కరస్పాండెంట్ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పేశాడు. కరస్పాండెంట్ లేచి తలుపు మూశారు.

"మా నాన్న ఎవర్నీ కొట్టలేదండీ. ఆయనకు చూపు ఆనేది కాదు, అల్లరి చేసేదెవరో కూడా తెలిసేది కాదు. వచ్చినవాళ్లంతా బెత్తమేదీ అనడుగుతుంటే, ఆయన పోయాక నేనే ఒకటి కొని పెట్టాను. దాన్ని మీకు ముందున్న మేనేజరు విరగ్గొట్టాడు. ఇది రెండోది."

మరి నా పర్మనెంట్ సంగతి అని ఇన్‌చార్జ్ నసిగాడు. కరస్పాండెంట్ ముక్కల్ని చెత్తబుట్టలో వేస్తూ నొచ్చుకున్నారు. బెత్తం విరిచాడనే కదా ఆ మేనేజర్ని పంపేసింది, ఇప్పుడు మిమ్మల్ని పర్మనెంట్ చేస్తే న్యాయంగా ఉండదన్నారు. పంపెయ్యడం లేదు కాబట్టి సంతోషించమన్నారు. ఇకమీదట సలహాదారు గారి బాగోగులకు కూడా మీరే ఇన్‌చార్జ్ అన్నారు.

మామగారిని బడి కారులో ఇంటికి తీసుకొచ్చేసరికి భార్య గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"ఏవండీ, పర్మనెంట్ చేశారా?"

"చేశారు," అన్నాడు ఇన్‌చార్జ్ చెప్పులు విప్పుతూ. "మీ నాన్నగారిని."