ఆదివారం పూట బొంత స్నానం

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య డ్యూటీకి వెళ్ళగానే కుక్కకు స్నానం చేయించాలి. ఆమె తిరిగొచ్చేలోపు దాన్ని ఆరబెట్టాలి. ఆ తర్వాత అసలు స్నానమన్నదే జరగనట్టు ముఖం పెట్టుకుని పేపరు చదువుతూ కూర్చోవాలి.

మెయిన్ రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఉండడంతో వీధిలో ఆయనకు ఆ పేరు పడింది. కుక్క పేరు బొంత. చూసినవాళ్ళు ఎవరైనా ఆ పేరే పెట్టేవారు. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు బొచ్చు, నేల ఊడ్చేంత పొడుగు. పడుకుంటే తల ఎటో తోక ఎటో దానంతటది కదిలేదాకా తెలియదు. బావమరిది మంచి జాతి కుక్కని చెప్పి తెచ్చిచ్చాడు. ఎండాకాలం బాగానే గడిచింది. వానలు మొదలయ్యాకే ఇంట్లో గొడవ పుట్టింది. కిందకి వెళ్ళినప్పుడల్లా బొంత సగం వీధిని ఒంటికి పూసుకుని పైకొచ్చేది.

దానికి ఎన్నాళ్ళకోసారి స్నానం చేయించాలన్న విషయంలో ముగ్గురివీ మూడు దారులు. భార్య నర్సు. పశువుల డాక్టర్ని అడిగి వచ్చింది. ఇంత బొచ్చున్న కుక్కకు నెలకోసారి చాలన్నాడాయన. బురదైనప్పుడల్లా నీళ్ళు పోస్తే చర్మం పొడిబారి దురదలొస్తాయి, తడి బొచ్చు చిక్కుపడి ఉండలు కడుతుంది. కాళ్ళు కడిగి తుడిచి, మిగతా బురద ఆరాక దువ్వేస్తే దానంతటదే రాలిపోతుంది. ఇదీ డాక్టరు మాట, కాబట్టి భార్య మాట. వాళ్ళతోనే ఉంటున్న భార్య తల్లి, అంటే ఆయన అత్తగారు మాత్రం ఒళ్ళున్న ప్రతి ప్రాణీ రోజూ స్నానం చేయాల్సిందేనంటుంది. కళ్ళజోళ్ళాయనది మధ్యేమార్గం. మురికి కనిపించినప్పుడు కడగాలి. కంటికి ఆనుతున్న మురికిని చూస్తూ ఊరుకోవడం ఆయన వృత్తికే విరుద్ధం.

అందులోనూ ఆ రోజు మధ్యాహ్నం ఓనరమ్మ వస్తానంది. కింద వాటాలో ఉండే ఆవిడ మెట్ల మీద బురద అడుగుల గురించి ఇప్పటికే ఒకటికి రెండుసార్లు చెప్పింది. అద్దె గడువు అయిపోవస్తోంది. పొడిగించేదీ లేనిదీ ఇల్లు చూసి చెబుతానంది. కుక్కతో సహా రమ్మనే ఇల్లు మళ్ళీ దొరకడం కష్టం. ఇల్లు కావాలంటే బొంతను వదులుకోవాలి, బొంత కావాలంటే ఇల్లు వదులుకోవాలి. రెండు రాత్రులుగా ఆయనకు సరిగా నిద్ర పట్టలేదు.

భార్య గడప దాటుతూ ఇంకోసారి చెప్పింది. "ఏమండీ, దానికి స్నానం గీనం పెట్టుకోకండి. మొన్నేగా చేయించాం. కాళ్ళు కడగండి, ఆరాక దువ్వండి."

"ఆరేసరికి ఆవిడ వచ్చేస్తుందేమో."

"వస్తే రానివ్వండి. మీరు మాత్రం బాత్రూమ్ జోలికి వెళ్ళకండి."

సరేనన్నాడు. ఆమె గొడుగు మలుపు తిరగ్గానే హీటర్ వేశాడు. స్నానానికి అడ్డమని బొంత మెడలో బెల్టు ముందే తీసేసి, నీళ్ళు కాగేలోపు దాని పని అది చూసుకొస్తుందని కిందకి వదిలాడు. నీళ్ళు కాగాయి. కిందకి దిగేసరికి గేటు పక్కన ఓ బురద ముద్ద నిలబడి ఉంది. ముద్దకు రెండు కళ్ళున్నాయి. "బొంతా" అన్నాడు. తోక ఊపింది. చంకలో వేసుకుని పైకి తెచ్చాడు.

బకెట్ చప్పుడు వింటేనే మంచం కింద దూరే బొంత, ఆ రోజు తనంతట తానే బాత్రూమ్‌లోకి నడిచి మధ్యలో నిలబడింది. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందని ఆయన మురిసిపోయాడు. కుక్క షాంపూ అడుగంటింది కాబట్టి అత్తగారి షాంపూ తీశాడు. నురగ ఎగిరి కళ్ళద్దాల మీద పడితే వాటిని తీసి కిటికీలో పెట్టాడు. అవి లేకపోతే ఆయనకు మనిషికీ తలుపుకీ తేడా తెలియదు. మొదటి బకెట్ నల్లగా పోయింది, తర్వాతది ఎర్రగా పోయింది. ఎంత మురికి వదిలితే ఆయనకు అంత తృప్తి. తువ్వాలుతో గట్టిగా తుడిచి, అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

ఎదురుగా తెల్లటి కుక్క కూర్చుని ఉంది.

అద్దాలు తీసి మళ్ళీ తుడిచాడు. కుక్క ఇంకాస్త తెల్లగా కనిపించింది. సీసా తీసి దాని మీదున్న అక్షరాలన్నీ చదివాడు. కొత్త మెరుపు అని ఉంది గానీ రంగు తీసేస్తుందని ఎక్కడా లేదు. గొంతు తగ్గించి అత్తగారిని పిలిచాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడి కుక్కను చూసింది, సీసాను చూసింది, అల్లుణ్ణి చూసింది. షాంపూలో ఏదో ఉందంటాడేమోనని ముందే అందుకుంది. "నేను ఏళ్ళ తరబడి వాడుతున్నది అదే షాంపూ బాబూ. నా జుట్టు తెల్లబడింది కూడా దానివల్లేనంటావా?"

ఆయన ఆవిడ జుట్టు వంక చూశాడు.

షాంపూ కాకపోతే మిగిలింది ఒక్కటే. కుక్క అసలు రంగే తెలుపు. ఎవరో గోధుమరంగు వేసి అంటగట్టారు. అంటగట్టినవాడు స్వయానా బావమరిది. ఇంతకాలం మంచి జాతి, మంచి జాతి అని విన్నవన్నీ గుర్తొచ్చి ఆయనకు కడుపు మండింది. ఫోన్ తీసి, రంగేసిన కుక్కను ఇచ్చే ముందు కనీసం నీళ్ళు తగలనివ్వద్దని చెప్పాల్సిందన్నాడు. అవతల బావమరిది, బావా, నీ తెలివికో దండం అని ఫోన్ పెట్టేశాడు.

కొడుకును అనేసరికి అత్తగారి ముఖం మారిపోయింది. తన పిల్లాడు అలాంటివాడు కాడంది. కాడని నిరూపించడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు కాబట్టి, కూతురు వచ్చేలోపు కుక్కను మళ్ళీ గోధుమరంగుకు తెస్తే ఈ మాటే బయటికి రాదని తేల్చింది.

"ఎలా తెస్తాం అత్తయ్యగారూ?"

"తెల్లచీర మీద టీ ఒలికితే ఎన్ని ఉతుకులకీ పోదు. కుక్క మీద ఎందుకు పట్టదు?"

భయంలో ఉన్న మనిషికి ఏ మాటైనా సబబుగానే వినిపిస్తుంది. పెద్ద గిన్నె పొయ్యి మీదకెక్కింది. డబ్బాలో ఉన్న టీ పొడంతా అందులోకి వెళ్ళింది. చల్లార్చి వడకట్టిన డికాషన్‌ను కళ్ళకూ మూతికీ తగలకుండా మగ్గుతో పోస్తూ ఇద్దరూ రంగు చూసుకున్నారు. అత్తగారు ఇంకాస్త ముదరాలనేది, ఆయన ఇంకో మగ్గు పోసేవాడు. కుక్క మాత్రం ఇలాంటివి ఎన్నో చూసినట్టు ఓపిగ్గా నిలబడింది. ఆరబెట్టాక చూస్తే వీపు చిక్కటి టీలా, పక్కలు పాలు ఎక్కువైన టీలా, పొట్ట ఖాళీ కప్పులా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఫర్వాలేదని అత్తగారు హాల్లోకి వెళ్ళి చూసి చెప్పింది.

అప్పుడే వీధి తలుపు మీద గోకిన చప్పుడైంది. తీశాడు. గుమ్మంలో ఇంకో బురద ముద్ద. అది తిన్నగా లోపలికి నడిచి, బాత్రూమ్ ముందు బకెట్‌ను చూసి ఆగి, వెనక్కి తిరిగి ఒక్క ఉరుకున మంచం కింద దూరింది.

ఆ దూరడంతో ఆయనకు అంతా తెలిసిపోయింది. స్టూలు మీద కూర్చున్నాడు. అత్తగారు మంచం కింద చూసింది, లేచి బాత్రూమ్‌లోకి చూసింది. "అయితే నా కొడుకు మంచివాడే" అంది.

ఎవరి కుక్కో ఏమో, గుట్టుచప్పుడు కాకుండా గేటు దగ్గర వదిలేద్దామని ఆయన దాన్ని ఎత్తుకుని తలుపు తీశాడు. మెట్ల మీద ఓనరమ్మ ఉంది. చీర మోకాళ్ళదాకా బురద, చేతిలో గొడుగు ఉన్నా తల తడిసి ఉంది. ఆవిడ ఇల్లు చూడ్డానికి రాలేదు. నిన్న తన అక్క ఊరెళ్తూ ముత్యం అనే కుక్కను తన దగ్గర వదిలి వెళ్ళిందట. పొద్దున దువ్వుదామని బెల్టు తీస్తే తలుపు తోసుకుని పారిపోయిందట. అక్క ఈ సాయంత్రమే వస్తోంది. ఆ కుక్కకేమైనా అయితే తన ముఖం కూడా చూడదు.

"మీ దానిలాగే ఒళ్ళంతా బొచ్చండీ, కాకపోతే మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది. మీరేమన్నా చూశారా?"

ఆయన చంకలో ఉన్న మల్లెపువ్వు ఆవిడ వైపు తోక ఊపింది. ఓనరమ్మ దాని వంక ఒకసారి చూసి, ఇది మీదేగా అంది. నిజం చెప్పడానికి అదే సమయం. కానీ అద్దె గడువు, చేసిన ఘనకార్యం రెండూ ఒకేసారి కళ్ళముందు మెదిలి, ఆయన నోటివెంట అవునన్న మాట వచ్చేసింది. అయితే మీరూ కాస్త వెతకడానికి రండి, మీకు కుక్కల సంగతి తెలుసుగా అందావిడ. కాదనడానికి కారణం దొరకలేదు. కుక్కను అత్తగారికిచ్చి గొడుగు తీసుకున్నాడు.

అలా కళ్ళజోళ్ళాయన తన ఇంట్లో ఉన్న కుక్క కోసం వానలో వీధి వెంట వెతుకుతూ బయల్దేరాడు. గుంటల్లోకి చూశాడు, ఆగి ఉన్న బండ్ల కిందకి వంగి చూశాడు. ఓనరమ్మ పక్కనే ఉంది కాబట్టి గొంతెత్తి పిలవక తప్పలేదు. "ముత్యం" అని పిలిచాడు. పై అంతస్తు కిటికీలోంచి కుక్క మొరిగింది. ఇంకోసారి కాస్త మెల్లగా పిలిచాడు. కిటికీలోంచి ఇంకాస్త గట్టిగా జవాబొచ్చింది. టీ రంగు తల ఒకటి ఊచల మధ్యకు రావడం, వెనకనుంచి అత్తగారి చెయ్యి దాన్ని లోపలికి లాగడం కూడా కనిపించాయి.

ఓనరమ్మ పైకి చూసింది. "మా ముత్యాన్ని పిలిస్తే మీ కుక్క పలుకుతోందేంటండీ?"

"దానికి పేరు పట్టింపు లేదండీ" అన్నాడాయన.

ఆవిడకు ఆ మాట మింగుడుపడేలోపే ఆటో ఆగింది. డ్యూటీ మధ్యలో సెలవు పెట్టి భార్య దిగింది. తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడట. ఆమె ఓనరమ్మను గమనించనేలేదు. "ఏమండీ, స్నానం చేయిస్తే మన బొంత తెల్లబడిందని వాడితో అన్నారట?"

ఓనరమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది. పైన కిటికీలో తల మళ్ళీ ప్రత్యక్షమై, ఎవరూ పిలవకపోయినా మొరిగింది.

ముగ్గురూ పైకెళ్ళారు. తలుపు తీయగానే టీ రంగు కుక్క ఓనరమ్మ మీదకు ఎగిరింది. ఆవిడ దాన్ని పట్టుకుని వీపు చూసింది, పొట్ట చూసింది, వాసన చూసింది. ఆయన మొదట్నుంచీ చివరిదాకా దాచకుండా చెప్పాడు. చెబుతున్నకొద్దీ తనకే నమ్మశక్యంగా అనిపించలేదు. ఇది వదులుతుందా అని ఓనరమ్మ అడిగితే, చీరకైతే వదలదని అత్తగారు ఉన్నమాట చెప్పింది. ఇంకోసారి షాంపూ పెట్టి చూద్దామని ఆయన లేచాడు.

"కూర్చోండి" అంది భార్య. "ఇవాళ దానికి ఇంకో చుక్క నీళ్ళు తగిలినా నేను ఊరుకోను."

ఓనరమ్మ తన గొడుగు తీసుకుంది. కుక్కను ఎత్తుకుని కిందకి వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ మధ్యాహ్నమంతా వేరే ఇల్లు ఎక్కడ చూడాలా, బొంతను ఇస్తే ఎవరు పుచ్చుకుంటారా అని ఆయన ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆలోచించే కొద్దీ మంచం కింద మూతి మాత్రమే కనిపిస్తున్న బొంత మీద ప్రేమ పొంగుకొచ్చింది. భార్య కోపంగా ఉన్నా చేతులు ఊరికే ఉండవు. బొంతను బయటికి లాగి, కాళ్ళు కడిగి, ఆరిపోయిన బురదను పెద్ద దువ్వెనతో దువ్వసాగింది. మట్టి పొడిపొడిగా పాత చాప మీద రాలింది. సాయంత్రం పూట కింద కారు ఆగింది. ఓనరమ్మ అక్కగారి గొంతు నేలలోంచి తెరలు తెరలుగా పైకొచ్చింది. చాలాసేపు ఒక్క గొంతే వినిపించింది. కారు వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

ఓనరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరి పేరూ చెప్పలేదట. తానే స్నానం చేయించానని ఒప్పుకుందట. కుక్కను పెంచడం చేతకాని దానివని, ఇక జన్మలో దీన్ని నీ దగ్గర వదలనని అక్క తెగేసి చెప్పి వెళ్ళిందట. కళ్ళజోళ్ళాయన క్షమించమని అడగబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎన్నేళ్ళుగానో అండీ. ఎక్కడికెళ్ళినా దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టేది. పెద్దది, వద్దని ఎలా అంటాను?" అని, వాళ్ళు ఆ ఇంట్లో దిగాక మొదటిసారి నవ్వింది. "మీరు ఎన్నాళ్ళుంటానంటే అన్నాళ్ళు ఉండండి."

వెళ్తూ వెళ్తూ బొంత వీపు మీద చెయ్యి వేసి, అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో, దీనికి రోజూ స్నానం చేయిస్తారా అని అడిగింది. కళ్ళజోళ్ళాయన భార్య వంక చూశాడు.

"నెలకోసారి" అంది భార్య.

కొడుకు మీద పడ్డ నింద కడిగేయడానికి అత్తగారు మర్నాడు పొద్దున్నే బయల్దేరి, జరిగిందంతా వీధిలో ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఆ సాయంత్రం షాపు మూసి వస్తున్న కళ్ళజోళ్ళాయన్ను పక్కింటాయన గేటు దగ్గర ఆపి, చుట్టూ ఒకసారి చూసి, తన బావగారి కుక్క వచ్చేవారం తమ ఇంటికి వస్తోందని, ఆదివారం ఆయనకు తీరికేనా అని అడిగాడు.