ఇంగ్లండు రాణి మా వాగు దాటి ఉంటే

ఊరికి రోడ్డు లేకపోవడం వల్ల రాజవంశాలు నిలబడతాయి. నవ్వకండి, చరిత్ర చదివే చెబుతున్నాను.

1688 జూన్‌లో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్‌కు కొడుకు పుట్టాడు. రాణీగారు ప్యాలెస్‌లోనే కన్నారు. గది నిండా మంత్రులు, దొరసానులు నిలబడే ఉన్నారు. అయినా గిట్టనివాళ్లు ఏమన్నారు? రాణి అసలు కననేలేదు, ఎవరి బిడ్డనో తెచ్చి పక్కలో పెట్టారన్నారు. ఎలా తెచ్చారట? చలికాలంలో పరుపు వెచ్చబెట్టడానికి నిప్పులు పోసే మూత పెనం ఒకటి ఉంటుంది, అందులో పెట్టి తెచ్చారట. జూన్ నెలలో పరుపుకు నిప్పులెందుకని అడిగితే ఎవరు వింటారు?

రాజు నలభై మందికి పైగా సాక్షుల్ని పిలిపించి చెప్పించాడు. లాభం లేకపోయింది. అల్లుడు సైన్యంతో దిగాడు. ఆ డిసెంబరులోనే రాజు పడవెక్కి పారిపోయాడు. సింహాసనం కూతురికీ అల్లుడికీ దక్కింది. చంటివాడి వారసత్వం పెనం పాలైంది.

తప్పెక్కడ జరిగింది? ప్యాలెస్‌లో. గోడలు, తెరలు, తలుపులు ఉన్నచోట కనడంలో. తలుపంటూ ఉంటేనే కదా అందులోంచి ఎవరో ఏదో తెచ్చారనేది!

అదే రాణి మా ఊళ్లో ఉండి, నొప్పులొచ్చి ఆస్పత్రికి బయల్దేరి ఉంటే? ఆంబులెన్స్ వాగు అవతలే ఆగిపోయేది. రాణీగారు ట్రాక్టర్ ట్రాలీ ఎక్కేవారు. నడి వాగులో చక్రం దిగబడేది. బిషప్పుగారు అంగీ ఎత్తి పట్టుకొని వెనక నుంచి తోసేవారు. రాజు శత్రువులు కూడా ఒక చెయ్యి వేయక తప్పేది కాదు. తాము తోసిన ట్రాలీలో, తమ కళ్లెదుట పుట్టిన బిడ్డను దొంగబిడ్డ అని ఏ మొహం పెట్టుకొని అంటారు? జేమ్స్ రాజ్యం పోయేది కాదు. కొడుకు రాజయ్యేవాడు. అల్లుడు సైన్యంతో వచ్చినా వాగు తగ్గేదాకా అవతల ఒడ్డున వంట చేసుకుంటూ కూర్చునేవాడు. అప్పటికి కోపం కూడా తగ్గేది.

ఇది ఊహ కాదు. మా దగ్గర ప్రయోగం జరిగింది.

ఆరేళ్ల కిందట, శ్రావణంలో, కూలిపని చేసుకునే వెంకమ్మ తన కోడలు నవీనను కాన్పుకు తీసుకెళ్లింది. రామనర్సయ్య ట్రాక్టర్ సరిగ్గా వాగు మధ్యలో ఆగింది. వెంట వచ్చిన జోగే అనే ఆమె ట్రాలీలోనే కాన్పు చేసింది. జోగే మా ఊరి మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. రెండొడ్ల మీదా కలిపి పదిహేడు మంది చూశారు. మనవడు రాంప్రసాద్ ఎవరి బిడ్డ అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. దేన్నీ ఒప్పుకోని వెంకమ్మ తోడికోడలు కూడా ముక్కు తండ్రిదేనని ఒప్పుకుంది.

ఈ ఏడు వాణ్ణి బడిలో వేయాల్సి వచ్చింది. జనన పత్రం లేనిదే రిజిస్టర్‌లో పేరు రాయనని గురూజీ అన్నారు. గడువు జూన్ నెలాఖరు. వెంకమ్మ జోగేనూ రామనర్సయ్యనూ వెంటబెట్టుకొని జనన పత్రాలిచ్చే ఆఫీసుకు వెళ్లింది. మాది సరిహద్దు ఊరు, ఆఫీసు మాటల్లో సగం హిందీ.

"బచ్చా ఎక్కడ పుట్టిండు?" అన్నాడు కౌంటర్‌లో గుమాస్తా బాబు.

"ట్రాక్టర్ల," అంది వెంకమ్మ.

బాబు స్క్రీన్ ఇటు తిప్పాడు. పుట్టిన చోటు కింద ఆస్పత్రి, ఇల్లు, దారిలో అని మూడు గడులున్నాయి. "అస్పతాల్, నై తో ఘర్. మూడోది నొక్కితే ఆంబులెన్స్ నంబర్ అడుగుతది."

"నా బండి నంబర్ చెప్త, రాసుకో సారూ," అన్నాడు రామనర్సయ్య.

"పుట్టింది పోరడా, ట్రాక్టరా?"

"పదిహేడు మందిమి సూసినం సారూ," అంది వెంకమ్మ.

"సూస్తే సూసిన్రు. ఇంట్ల పుట్టిండని ఇద్దరు శపథ్ పత్ర్ మీద, గదే ప్రమాణం కాయితం మీద, దస్కత్ పెట్టున్రి. శాం తక్ పని అయిపోతది."

జోగే వెంకమ్మ కొంగు లాగింది. "అత్తా, రోడ్డు కోసం పెట్టిన సడక్ అర్జీల ఈ కాన్పే ముందుగాల రాసినం. ఇంట్ల పుట్టిండంటే అర్జీ మునుగుతది."

వెంకమ్మ వేలు సిరాలో ముంచింది. "సడక్ ఏ ఏటికొస్తదో ఏందో. ఇస్కూలు రిజిస్టరు నెలాఖరుకే మూస్తరు, నువ్వు గూడ పెట్టు దస్కత్."

పాఠకులు గమనించాలి. జేమ్స్ రాజు చూసినవాళ్లను నలభై మందిని పిలిచి రాజ్యం పోగొట్టుకున్నాడు. వెంకమ్మ ఒక అబద్ధపు వేలిముద్రతో, ఒక అబద్ధపు దస్కత్‌తో మనవడికి తల్లిని, తండ్రిని, పుట్టిన ఇంటిని సాయంత్రంలోగా ఇప్పించింది. పరిపాలన అంటే మాదా, వాళ్లదా?

జూలైలో సడక్ అర్జీకి జవాబు వచ్చింది. సదరు మార్గంలో ప్రసవం జరిగినట్లు రికార్డు లేదు, జనన పత్రం ప్రకారం బిడ్డ ఇంట్లోనే పుట్టాడు, కావున అర్జీ ముగించడమైనది, అని. జోగే అది మూడుసార్లు చదివి, మడిచి, మందుల సంచిలో పెట్టుకుంది. రాంప్రసాద్ బడిలో ఒకటో తరగతి. నవీనకు మళ్లీ ఎనిమిదో నెల. వాగు నిండుగా ఉంది.

నిన్న రామనర్సయ్య వచ్చి వెంకమ్మ వాకిట్లో నిలబడ్డాడు. "వదినా, బండ్ల డీజిల్ పోయించి పెట్టాల్నా?"

"పోయించు. ఈపాలి మంచం, పొయ్యి రాళ్లు, దర్వాజ గూడ ట్రాలీల ఏద్దాం."

"దర్వాజ ఎందుకే?"

"నడి వాగుల పుట్టినా ఇంట్ల పుట్టినట్టే ఉంటది," అంది వెంకమ్మ. "జోగేతోని మల్ల అబద్ధం దస్కత్ ఎందుకు పెట్టిచ్చుడు?"