రెండో అన్నప్రాసన

మా ఆవిడ ఛాయాదేవికి చెప్పకుండా నేను ఏ పని తలపెట్టినా, చివరికి అది ఆవిడ అనుకున్నట్టే జరుగుతుందండీ. మొన్నటి అన్నప్రాసనే చూడండి. ఎవరికంటారా? మా చక్రికి. వయసు పందొమ్మిది.

బెజవాడ వన్‌టౌన్‌లో నాది బట్టల కొట్టు. పామర్రులో మా అన్నయ్య కూతురు కీర్తన పెళ్ళి. ఇంట్లోవాళ్ళకి బట్టలు పెట్టాలి కదా అని, "నీకు పంచె తియ్యనా, ప్యాంటా?" అని చక్రిని అడిగాను.

"నాన్నా, నేను అబ్బాయిని కాదు. అలాగని అమ్మాయినీ కాదు. చలికాలం తెల్లారి బ్యారేజీ మీద మంచు కమ్ముతుందే, అందులో నీరూ ఉంది, గాలీ ఉంది. కానీ అది వేరే. నేనూ అలాగే. నాలాంటివాళ్ళలో తమని తాము నిప్పూ గాలీ అనుకునేవాళ్ళున్నారు, మట్టీ వానా అనుకునేవాళ్ళున్నారు. నన్ను నన్నుగా తీసుకెళ్తేనే పెళ్ళికొస్తాను."

వంటింట్లోకి పరిగెత్తాను. "ఛాయా! మంచుకి కొలతలెలా తియ్యాలే?"

"నాకు ఏడాది నుంచీ తెలుసు."

"నాకు చెప్పలేదేం?"

"మీకు చెబితే వీధి మొత్తానికి చెప్పినట్టేగా!"

నిజంగా బెంగపట్టుకుందండీ. నా బిడ్డ లేని పెళ్ళిలో నాకు భోజనం దిగుతుందా? అప్పుడు తట్టింది ఉపాయం. అన్నప్రాసన నాడు పసివాళ్ళ ముందు పుస్తకం, కలం, బంగారం పెడతాం. ఏది పట్టుకుంటే అదే వాళ్ళ రాత. ఈసారి ఓ పక్క పంచె, ఓ పక్క చీర. ఏది పట్టుకుంటే అదే ఖాయం!

ఆదివారం హాల్లో చాప పరిచి, సాక్ష్యానికి మా పిన్ని సీతారావమ్మని పిలిచాను. పరమాన్నం వండమంటే ఛాయ మారుమాట్లాడకుండా వండింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

చక్రి వచ్చారు. ఇలా 'వచ్చారు' అనడం ఛాయే నేర్పింది. మంచుకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలట.

"ఏమిటిది నాన్నా?"

"పాకు!"

"ఒరే కోటేశూ, అంత మనిషిని పాకమంటావేంట్రా?" అంది పిన్ని.

చక్రి నవ్వి, నిజంగానే పాకారు. పంచె దగ్గర ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను. చీర దగ్గర ఆగారు. పిన్ని ఊపిరి బిగబట్టింది. రెండూ దాటుకుని తిన్నగా నా దగ్గరకొచ్చి, నా మీసం పట్టుకుని లాగారు.

"అబ్బా!"

"మొదటి అన్నప్రాసనప్పుడూ ఇంతేగా," అంది ఛాయ. "బంగారం వదిలేసి మీ మీసం పట్టుకుంటే, 'మా చక్రి నన్నే ఎంచుకున్నాడు' అని బజారంతా చాటారు. ఇప్పుడు చాటరేం?"

"పెళ్ళికి తీసుకెళ్తావా నాన్నా?" మీసం ఇంకా వదల్లేదు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. నొప్పికే అనుకోండి.

ఛాయ బీరువాలోంచి ఓ పొడవాటి లాల్చీ తీసింది. నిలువు పోగు పడుగు నీలం, అడ్డపోగు పేక తెలుపు. ఏ రంగు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

"ఈ తాను ఎక్కడిదే?"

"మీ కొట్లోదే. ఎవరూ కొనరని మూల పడేశారుగా. పోయిన నెలే కుట్టించాను."

చక్రి అది తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా బట్టలమ్ముతున్నాను, ఒంటికి బట్ట అంతగా అమరడం చూడలేదు. ఇంత అద్భుతం నా ఇంట్లోనే, నా కంచం పక్కనే కూర్చుని ఇడ్లీలు తిందా అనిపించింది. చేతులు జోడించబోయి, పిన్ని చూస్తోందని ఊరుకున్నాను.

పామర్రు పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన అడగనే అడిగాడు, "అబ్బాయా, అమ్మాయా అండీ?" అని.

"మా చక్రి అండీ!" అని మీసం మెలేశాను.

అబ్బా! ఇంకా నొప్పి తగ్గలేదు.