వెతికే కుక్కపిల్లకే నా ఓటు

పటాన్‌చెరులో నక్కవాగు పొంగి మా కెమికల్ ఫ్యాక్టరీ గేటును ఎత్తుకుపోయిన ఏడాది ఉంది చూశారూ, దానికి ఐదో ఏట జరిగిన సంగతి ఇది. నాకు అప్పుడే జ్ఞానోదయమైంది: కంప్యూటర్‌లో పెట్టిన కాగితం దొరకకపోవడమంత మేలు మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. బీరువాలో కాగితం దొరక్కపోతే బూజు దులపాలి, ఎలకను అనుమానించాలి, ఎవరినో ఒకరిని తిట్టాలి. కంప్యూటర్‌లో అయితే ఏసీ కింద కూర్చుని "లోపలే ఉంది" అనవచ్చు. పోయిందంటే తప్పు. దొరకలేదంటే పని నడుస్తున్నట్టు!

నేను మాట తక్కువ మనిషిని. ఆ ఆఫీసులో టీలు అందించేవాణ్ణి. గోడకు ఆనుకుని నిలబడి చూసిందే రాస్తున్నాను.

మా టైపిస్టు వీర్రాజు గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. మహా భక్తుడు. యాసిడ్ డ్రమ్ముల కోసం రాసే ఉత్తరమైనా సరే, పైన 'శ్రీరామ' అని కొట్టందే అతనికి కింద అక్షరం పడదు. ఆ కంప్యూటరూ భక్తి కలదే. మొదటి లైనులో ఏముంటే ఫైలుకు ఆ పేరే పెట్టుకునేది. ఇంకేం! ఆరేళ్ళలో శ్రీరామ ఒకటి నుంచి శ్రీరామ రెండువేల మూడువందల దాకా తయారయ్యాయి. దేంట్లో ఏముందో ఆ పైవాడికే తెలియాలి.

వాటిలో ఒకటి ముత్యమ్మ కాగితం.

మా కాంపౌండు గోడకు అవతల ముత్యమ్మకు రెండెకరాలు, ఒక బోరు. ఆ ఏడు చూడి బర్రెకు కడుపు పోయింది. నెల తిరగకముందే రెండోదానికీ అంతే. మనవరాలికి ఒళ్ళంతా దద్దులు. మా ల్యాబు వాళ్ళు వచ్చి బోరు నీళ్ళు సీసాలో పట్టుకుపోయారు. అది ఫిబ్రవరి. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఆమె వచ్చి మేనేజరు భీమశంకరం గారి టేబుల్ ముందు నిలబడేది.

"రిపోర్టు కంప్యూటర్‌లో భద్రంగా ఉందమ్మా. దొరకగానే కబురు చేస్తాం," అనేవారాయన.

"అండ్ల ఉంటె ఉండనియ్యి సారూ. ఆ నీళ్ళు తాగాల్నా, వద్దా? గంత ముక్క చెప్పుండ్రి."

గంత ముక్కట! ఎంత తొందర చూడండి. ముందు వెతికే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవద్దూ? పెళ్ళికి పిల్లను చూసినట్టు నాలుగు చోట్ల చూడొద్దూ?

మొదటిది కంప్యూటర్‌తో పాటే వచ్చిన కుక్కపిల్ల. తెర మీద ఓ మూల కూర్చుని తోక ఊపేది. పేరు కొడితే చాలు, వెతకడానికి బయల్దేరేది. పాపం, ఫైళ్ళ పేర్లు వాసన చూడ్డమే గానీ లోపలికి తొంగి చూడటం దానికి చేతకాదు. 'ముత్యమ్మ' అని కొడితే అరగంట తిరిగి వచ్చి, ఏమీ లేదని చెప్పి, మళ్ళీ తోక ఊపేది. అలాంటి దాన్ని ఎవరు తిట్టగలరు? భీమశంకరం గారు ముచ్చటపడి వారం పాటు రోజూ దాన్ని ఉరికించారు.

రెండోది సీడీలో వచ్చింది. నలభై రోజులు ఉచితం. దీనికి దాపరికం లేదు, ఏదడిగినా అన్నీ తెచ్చి పోసేది. 'వాటర్' అని కొడితే వాటర్ ట్యాంకు కడిగిన తేదీలు, వాటర్‌ప్రూఫ్ రేకుల కొటేషన్లు, హోలీనాడు గేటు దగ్గర రంగునీళ్ళు చల్లవద్దన్న నోటీసు. భీమశంకరం గారు నాలుగేళ్ళ కింద రాసుకుని పంపకుండా దాచుకున్న రాజీనామా కూడా పైకి తేలింది! అందులో పటాన్‌చెరు నీళ్ళు తన ఒంటికి పడటం లేదని రాసుకున్నారు. ఆ సీడీని మర్నాటి నుంచి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

ఈలోగా ఎన్ని సోమవారాలు గడిచాయంటారా? నేను లెక్కపెట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఎంపికంటే మాటలా! ముత్యమ్మ మాత్రం వచ్చింది, నిలబడింది, పోయింది. మనవరాలిని ఒకసారి వెంట తెచ్చింది. ఆ పిల్ల కూర్చున్నంతసేపూ గోక్కుంటూనే ఉంది.

మూడోదాన్ని వీర్రాజు ఇంటర్నెట్ నుంచి దించాడు. అది రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటర్‌లోని ప్రతి ఫైలూ చదువుకుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మాట్లాడకుండా అన్నీ చదివేవాళ్ళతో ప్రమాదం.

గురువారం మధ్యాహ్నం వీర్రాజు 'ముత్య' అని కొట్టాడు. 'మ్మ' ఇంకా కొట్టనే లేదు, కాగితం తెర మీదికి వచ్చేసింది! వీర్రాజుకు ఏది చదివినా పైకి చదివే అలవాటు.

"దొరికిందండీ! మన ల్యాబు వాళ్ళదే. ఫిబ్రవరి ఇరవై రెండు. ఆ బోరు నీళ్ళు మనుషులకూ పశువులకూ పనికిరావు, వెంటనే వాడకం ఆపించాలి అని రాశారండీ."

నేను పోస్తున్న టీ సాసర్‌లోకి పొర్లింది. భీమశంకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"ఇది మనకు సరిపడదు వీర్రాజూ," అన్నారు చివరికి. "కంప్యూటర్ స్లో అవుతోంది. తీసెయ్. ఆ కుక్కపిల్లనే ఉంచు."

"మరి ముత్యమ్మకండీ?"

"వెతుకుతున్నాం కదా."

అంతే! ఆర్నెల్ల ఎంపిక ఒక్క నిమిషంలో తేలిపోయింది. కాబట్టి మీలో ఎవరైనా కొత్తగా కంప్యూటర్ కొని, ఫైళ్ళు వెతకడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నన్నడిగితే, కళ్ళు మూసుకుని కుక్కపిల్లనే పెట్టుకోండంటాను. దొరికేదాన్ని పెట్టుకున్నారో, దొరికాక ఏం చేయాలో కూడా మీరే ఆలోచించాలి. దానికి మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోకుండా గోడ చుట్టూ తిరిగి ముత్యమ్మ పొలానికి వెళ్ళాను. ఆమె అప్పుడే బోరు మోటారు వేయబోతోంది, బిందె కింద పెట్టి ఉంది. నేను స్టార్టర్ డబ్బా తలుపు తీసి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను.

"ఏందన్నా, ఏమాయె?" అంది.

"దొరికింది," అన్నాను.