లింగరాజు కాపలా

లింగరాజుకు పట్టిన జబ్బుకి రంగూన్‌లో మందు లేదు. ఆ జబ్బు పేరు ధనరాజ్. సాక్షాత్తూ తోడల్లుడు. ఆ ఊరి చిమిండైంగ్ పేటలో ఒకే వీధిలో కాపురాలు, వీధి మొదట్లో లింగరాజు, చివర్లో ధనరాజ్.

ధనరాజ్ టేకు కుర్చీ కొంటే లింగరాజుకు నడుం నొప్పి వచ్చేది. ధనరాజ్ కూతురు మల్లికకి మంచి మార్కులొస్తే లింగరాజుకు అన్నం దిగేది కాదు. ఆ ఏడు మల్లికా, లింగరాజు కూతురు జయంతీ ఇద్దరూ పదో తరగతి గట్టెక్కారు. ఇద్దరూ డాక్టర్లమే అవుతామన్నారు. సరిగ్గా అప్పుడే సర్కారు దిగిపోవాలంటూ ఊరు ఊరంతా జెండాలు పట్టుకుని రోడ్డెక్కింది, కాలేజీలన్నిటికీ తాళాలు పడ్డాయి.

టీ కొట్లో కబుర్లకు మాత్రం ఎవరూ తాళం వేయలేకపోయారు. పదో తరగతి మార్కులతోనే నేరుగా డాక్టరు చదువుకు తీసుకునే పద్ధతి మళ్ళీ తెరిచాక మారుతుందట. ముందు ఏదో ఒక సైన్సు కాలేజీలో రెండేళ్ళు చదివితేనే మెడికల్ కాలేజీకి తీసుకుంటారట. ఏ కాలేజీలో చేరితే సీటు ఖాయమో ఎవరికీ తెలీదు.

"ధనరాజ్‌కి తెలుసే," అన్నాడు లింగరాజు పెళ్ళాంతో. "ఆ రిటైరైన లెక్చరర్ ఊ టిన్ మ్యా గొడుగేసుకుని రోజూ ఆళ్ళింటికే ఎల్తన్నాడు. మంచి కాలేజీ ఏటో ఆళ్ళ చెవిలోనే ఊదీస్తన్నాడు."

"అయితే మనవూ అడుగుదుం," అంది రాజ్యం, చేప తోముతూ.

"ధనరాజ్ అడిగినాక నానడగాలా? పేనం పోయినా అడగను!"

"నీకెవులు సెప్పినారు, ఆయన కాలేజీ గురించే ఎల్తన్నాడని?"

"నా కడుపు సెప్తంది."

"నీ కడుపు మండడం తప్ప ఎప్పుడేటి సెప్పింది గనక!" అని రాజ్యం తల వంచుకుంది. నవ్వు దాచుకోడానికని లింగరాజుకు తట్టలేదు.

ఆ రోజుల్లో కొత్తవాళ్ళు చొరబడకుండా ప్రతి వీధి మొదట్లో వెదురు గేటు కట్టి కుర్రాళ్ళు కాపలా కాసేవారు. లింగరాజు వెళ్ళి తనూ కాస్తానన్నాడు.

"నువ్వా! బల్లి పడితే మంచమెక్కీసీవోడివి!" అంది రాజ్యం.

"దేశం పిలస్తంది," అన్నాడు లింగరాజు గంభీరంగా, కర్ర పట్టుకుని.

దేశం సంగతెలా ఉన్నా, ఊ టిన్ మ్యా వచ్చాడు. లింగరాజు అడ్డం నిలబడి బర్మా భాషలో వినయంగా, "సయా!" అన్నాడు. అక్కడ గురువుగారిని అలాగే పిలుస్తారు. "ధనరాజ్ ఇంట్లో అందరికీ కళ్ళకలక. మీ కళ్ళు జాగ్రత్త."

పెద్దాయన పాపమంటూ వెనక్కి తిరిగాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. కళ్ళకలక గజ్జిగా మారిందన్నాడు లింగరాజు. ఆ మర్నాడు గజ్జి వీధంతా పాకింది. లింగరాజుకు చాన్నాళ్ళ తర్వాత కడుపునిండా ఆకలేసింది.

అక్కడే బెడిసికొట్టింది. గేటు కుర్రాళ్ళ నాయకుడు కో సాన్ ఇదంతా చూశాడు. లింగరాజులాంటి నిక్కచ్చి మనిషి రోజూ తిప్పి పంపుతున్నా మళ్ళీ మళ్ళీ వస్తున్నాడంటే ఆ ముసలాయన సర్కారు వేగే అయి ఉండాలని తేల్చేశాడు. నాలుగోసారి రాగానే గొడుగు లాక్కుని, టీ కొట్టు ముందు ముక్కాలి పీట మీద కూచోబెట్టారు. చుట్టూ జనం మూగారు. కొందరి చేతుల్లో కత్తులున్నాయి.

"ఊ లింగరాజు, ఈయన్నెందుకు ఆపారో మీరే చెప్పండి," అన్నాడు కో సాన్, పెద్దవాళ్ళ పేరు ముందు బర్మావాళ్ళు పెట్టే 'ఊ' తగిలించి.

పెద్దాయన కాలి చెప్పు జారిపోయింది. కాలితో తడుముతూ దాని కోసం వెతుక్కుంటున్నాడు. అది చూసి లింగరాజు కర్ర వదిలేసి ముందుకొచ్చాడు. ఆ క్షణంలో, పెళ్ళయ్యాక మొదటిసారి, ధనరాజ్‌తో పోటీని పూర్తిగా మరిచిపోయాడు.

"ఈయన వేగు కాదు! నేనే అబద్ధమాడాను. మా తోడల్లుడంటే నాకు కుళ్ళు!"

ఎవరూ నమ్మలేదు. "మిమ్మల్ని బెదిరించాడా?" అన్నాడు కో సాన్.

"అయ్యో, ఈయన పంతులుగారు! కావాలంటే మా మల్లికని అడగండి!"

కబురెళ్ళింది. ధనరాజ్ అప్పుడు ఇంట్లో లేడు. మల్లిక పరుగెత్తుకొచ్చింది. వెనకే జయంతి. వాళ్ళ వెనక రాజ్యం, ఆమె చెల్లెలూ ధనరాజ్ పెళ్ళామూ అయిన చిన్నతల్లి.

"సయా!" అంటూ ముందుకు దూకింది జయంతే. "ఇన్నాళ్ళూ రాలేదేం? కప్ప గుండె సగంలో ఆగిపోయింది!" సంచీలోంచి తను గీసిన కప్ప బొమ్మ తీసి చూపించింది. జనం పకపకా నవ్వారు. కో సాన్ గొడుగు తిరిగిచ్చి, పెద్దాయనకు దణ్ణం పెట్టి, టీ తెప్పించాడు.

లింగరాజు జయంతి వైపు తిరిగాడు. "సయా ధనరాజ్ ఇంటికి గదా ఎల్తన్నాడు, నువ్వెందుకే అక్కడ?"

"నీ కూతురూ రోజూ అక్కడే సదువుతంది," అంది రాజ్యం తెలుగులో, గొంతు తగ్గించి. "నీకు సెప్తే ఊరంతా దండోరా ఎయ్యవూ? ఇన్నాళ్ళూ నీ పిల్ల పాఠమే నువ్వు ఆపినావు."

"మరి కాలేజీ?"

"ఏది ముందు తెరిస్తే అదే మంచిదన్నారు సయా. ఇద్దరూ దాన్లోనే సేరతారు. అందాకా సదివింది మరిసిపోకపోతే సాలంట."

చిన్నతల్లి దగ్గరికొచ్చింది. "బావా, మా ఆయనకి మాత్రం సెప్పకు. ఆయనా నీలాంటోడే. జయంతి నాకు వంటసాయానికొస్తందనుకుంటన్నాడు. తెలిస్తే సయాని మానిపించీగలడు."

మర్నాటి నుంచి లింగరాజుకు కొత్త ఉద్యోగం వేసింది రాజ్యం. సయాని ఇంటి నుంచి తీసుకురావాలి, మళ్ళీ దింపాలి, గొడుగు తనే పట్టాలి. ఆ గొడుగు ఒక్కరికే సరిపోతుంది. వాన మాత్రం ఇద్దరికీ సరిపడా పడింది.

ధనరాజ్ వరండాలో టేకు కుర్చీలో కూచుని ఉన్నాడు. తడిసి ముద్దైన లింగరాజుని చూసి కరిగిపోయాడు. "అన్నయ్యా! నా కూతురి సదువుకి ఎంత కష్టపడతన్నావు! అది డాక్టరైనాక నీకు మందులు ఉత్తినే ఇప్పిస్తాను."

లోపల సయా ఏదో అడిగాడు. "కప్ప గుండెకి మూడు గదులు!" అని ఠక్కున జవాబొచ్చింది. అది జయంతి గొంతు.

"ఇన్నావా! అదీ మా మల్లికంటే!" అన్నాడు ధనరాజ్, తొడ చరిచి.

లింగరాజు నోరు తెరిచాడు. చిన్నతల్లి వంటింటి కిటికీలోంచి రాజ్యం గరిటె పట్టుకుని చూస్తోంది.

"ఇన్నాను తమ్ముడూ," అన్నాడు లింగరాజు, గొడుగు ముడుస్తూ. "మల్లిక మా బాగా సెప్పింది."