ఉదయకేతు చక్రవర్తి మెట్లు దిగిన వైనం

"వర్ణన లేని వాక్యం రాజద్రోహం. నలభై పంక్తులకు తగ్గిన పోస్టు పోస్టే కాదు!" అని మదనపల్లె నుంచి శాసనం వెలువడింది. ధర్మం తలకిందులైనప్పుడు వెలువడవలసినంత గంభీరంగా వెలువడిన ఆ శాసనం, పుంగనూరులో కౌసర్ ఫోనులో టింగుమని మోగి ఊరుకుంది.

శాసనకర్త శాంతిరాజు గారు. బడిలో తెలుగు చెప్పి విరమించిన పండితుడు, చర్చిలో సంఘపెద్ద. ప్రేమవిందు రోజున ఆయన ప్రార్థనకు లేచారంటే అన్నం చల్లారేది, సాంబారు మీద తరక కట్టేది. భక్తితో కళ్ళు మూసుకున్నవారిలో కొందరు నిజంగానే నిద్రలోకి జారేవారు. అలా జారినవారే చివర అందరికంటే గట్టిగా "ఆమెన్" అనడం ఆ సంఘంలో ఆచారమై స్థిరపడింది. ఆ గట్టి ఆమెన్‌నే శాంతిరాజు గారు తమ వాక్పటిమకు యోగ్యతాపత్రంగా స్వీకరించేవారు.

అట్టి మహనీయుడు ఫోనులో ఒక గ్రూపు పెట్టి మేఘదుర్గ సామ్రాజ్యాన్ని స్థాపించారు. అందులో చేరిన ప్రతివారికీ ఒక పాత్ర. తమ పాత్ర ఏం చేసిందో, ఏం పలికిందో రాసి పెట్టాలి, అదే పోస్టు. దాన్ని అందుకొని మరొకరు కథను ముందుకు నడపాలి. శాంతిరాజు గారు, చెప్పనక్కరలేదు, చక్రవర్తి ఉదయకేతుడు. కుప్పంలో ఎరువుల అంగడి నడిపే బైరప్ప సేనాపతి. తండ్రి పరుపుల అంగడిలో కూర్చొనే కౌసర్ కోట ద్వారపాలిక.

కథ మహా రంజుగా మొదలైంది. శత్రుసేన కోటగుమ్మం దాకా వచ్చింది. వార్త విని చక్రవర్తి సింహాసనం విడిచి, మెట్ల మీద మొదటి అడుగు వేశారు. అది ఉగాది నాటి మాట. వినాయక చవితి వెళ్ళిపోయినా ఆయన మెట్లు దిగుతూనే ఉన్నారు. ఒక పోస్టులో పాదరక్షల మీది ముత్యాలు. తరువాతి పోస్టులో ఆ ముత్యాలు పుట్టిన సముద్రం. ఆ తరువాత సముద్రం మీది వెన్నెల. సేనాపతి కత్తి ఒర నుంచి సగం వచ్చి, ఒర మీది చెక్కడాల వర్ణన దగ్గర చిక్కుకుంది. శత్రువులు, పాపం, మర్యాదస్థులు గనుక గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.

కౌసర్‌కు ఈ కథంటే ప్రాణం. పరుపు కుట్టే దబ్బనానికి దారం ఎక్కిస్తూ కూడా యుద్ధం ఏమవుతుందోనని ఆలోచించే మనిషి. ఇక ఓపలేక ఒకనాడు రాసేసింది: "ద్వారం మూసి గడియ పెట్టాను. శత్రువు బయటే ఉన్నాడు."

సామ్రాజ్యం రక్షింపబడింది. చక్రవర్తికి కోపం వచ్చింది.

గడియ ఏ లోహానిది, దాని మీద పడిన వెలుగు ఏ వన్నెది, అది పడినప్పటి ధ్వని ఏ రాగానికి దగ్గరది అని ఆయన గ్రూపులో అందరి ఎదుటా నిలదీశారు. నలభై పంక్తుల శాసనం అప్పుడు పుట్టిందే. ఆదివారం ఆరాధన ముగిసేలోగా శాసనబద్ధమైన పోస్టు రాకపోతే ద్వారపాలికను గ్రూపు నుంచి తొలగిస్తామని కూడా ప్రకటించారు. తొలగిస్తే యుద్ధం కాదుగదా, చక్రవర్తి చివరి మెట్టు కూడా ఆమె కంటపడదు.

సేనాపతి బైరప్ప జాలిపడి ఫోను చేశాడు.

"రాసేయ్ రాదామ్మా? నేను రాయలే? ఒర మీద నెమిలిని చెక్కినాను. ఇప్పుడు దానికి ఈకలు పెడతాండా."

"మరి యుద్ధం యాపొద్దు సార్?"

"యుద్ధమా? అది యాడికి పోతాదిలేమ్మా."

కౌసర్ దిగాలు మొహం చూసి తండ్రి నిజాముద్దీన్ సంగతేమిటని అడిగాడు. విన్నాడు గాని, ఆయన మనసు అప్పుడే అంగడి దిగి వెళ్ళిన బేరం మీద ఉంది. ఒక పెద్ద కుటుంబం వచ్చి, పరుపు నాలుగు మూలలూ నొక్కి, భేషని తలలాడించి, ఆటోకెక్కించి వెళ్ళింది.

"సూసినావా బేటీ? మూలలు నొక్కి పోతారు. నడుమ ఏముండాదో తడిమి సూసినోడు ఈ అంగట్లో ఒగడూ లేడు. ఆడ ఎండుగడ్డి కుక్కినా కొంటారు. మనం కుక్కం, అంతే."

కౌసర్ దబ్బనం పక్కన పెట్టి ఫోను అందుకుంది.

ఆదివారం పొద్దున పోస్టు వచ్చింది. మొదట్లో గడియ ఇత్తడి మీద అరుణోదయం. చివర్లో అదే ఇత్తడి మీద అస్తమయం. చక్రవర్తి దానికి బంగారు కిరీటం బొమ్మ తొడిగారు. సేనాపతి "ప్రతి పదమూ ఆణిముత్యం" అన్నాడు. సామ్రాజ్య ప్రజలు చప్పట్ల బొమ్మలతో ఆమెన్ పలికారు. ఆరాధన ముగియగానే శాంతిరాజు గారే స్వయంగా ఫోను చేశారు.

"అమ్మా కౌసర్, రచనంటే ఇదీ. మూడుసార్లు చదివినాను. కండ్లు చెమర్చినాయమ్మా."

"నడుమ భాగం ఎట్లుండాది సార్? ఆడ రవ్వంత తొందరపడినానేమో."

"తొందరా? ఆ నడుమ భాగమే దానికి ప్రాణం. ఒక్క అక్షరం కూడా మార్చొద్దు."

ద్వారపాలికను మహామంత్రిణిగా నియమిస్తూ ఆ మధ్యాహ్నమే శాసనం వెలువడింది. ఆ సంతోషంలో చక్రవర్తి మరొక మెట్టు దిగి, దాని పాలరాతిలోని నీలిచారల మీద సుదీర్ఘంగా రాశారు.

కౌసర్ పోస్టు నట్టనడుమ ఉన్న వాక్యం ఇది: "చక్రవర్తి మెట్టు జారి పడి మరణించారు, సేనాపతి శత్రువులతో కలిసిపోయాడు, నేను తలుపు తీశాను."